వంటింటి సందేహాలు: కాల్చిన కూరగాయలతో నూడుల్స్ సూప్

డిసెంబరు వచ్చి బెంగళూరులో సాయంత్రాలు చల్లబడగానే సూపుల గురించి ఉత్తరాలు పెరగడం ఏటా చూస్తున్నదే. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వంటకం చుట్టూ తిరుగుతున్నందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాము. ఒకే సందేహం ఇద్దరు ముగ్గురు అడిగినచోట ఒక ఉత్తరాన్ని మాత్రమే ఎంచుకున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి స్నేహితులతో కలిసి హోటల్లో తిన్న శాకాహార నూడుల్స్ సూప్‌ను ఇంట్లో చేసిపెట్టమని అడిగాడు. క్యారెట్, బీన్స్, క్యాబేజీ సన్నగా తరిగి నీళ్ళలో ఉడికించి, అందులోనే నూడుల్స్ వేసి, సోయా సాస్, మిరియాల పొడి కలిపాను. కూరగాయలు ఉడికిన వేడినీళ్ళు తాగినట్టుందని వాడు పక్కన పెట్టేశాడు. పది నిమిషాలు గడిచేసరికి నూడుల్స్ ఆ నీటిని కూడా పీల్చుకుని ముద్దయిపోయాయి. హోటళ్ళలో ఏదో పొడి కలుపుతారని, అది లేకుండా ఆ రుచి రాదని పక్కింటివారు అంటున్నారు. మా ఇంట్లో 28 లీటర్ల ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంది. నలుగురికి సరిపడే కొలతలతో వివరించగలరా?
— ఒక గృహిణి, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: మీరు దినుసులు సరిగానే ఎంచుకున్నారు. చిక్కంతా మూడు పనులను ఒకే గిన్నెలో, ఒకేసారి చేయబోవడం వల్ల వచ్చింది. ఈ వంటకంలో రసం వేరు, నమిలి తినే కూరగాయలు వేరు, నూడుల్స్ వేరు. మూడింటినీ విడివిడిగా సిద్ధం చేసుకుని, తినబోయే ముందు గిన్నెలో మాత్రమే కలపాలి.

ఇక రుచి సంగతి. నిప్పుల మీద కాల్చిన వంకాయతో చేసిన పచ్చడికీ, ఉడికించిన వంకాయతో చేసిన పచ్చడికీ ఉన్న తేడా మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. వంకాయ అదే, ఉప్పూ పులుపూ అవే, అయినా రెండూ ఒకటి కావు. నీరు ఎంత మరిగినా దాని వేడి 100 డిగ్రీల సెల్సియస్‌ను దాటదు. కూరగాయల్లోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి ఎర్రబడి, అంతకుముందు లేని సువాసనలను పుట్టించే చర్య చురుకుగా సాగాలంటే సుమారు 140 డిగ్రీలకు పైబడిన పొడి వేడి కావాలి. 1912లో ఈ చర్యను వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మైయార్ పేరు మీదనే దీనిని మైయార్ చర్య అంటారు. మాంసం లేని సూప్‌కు గాఢత రావలసింది ముఖ్యంగా ఈ కాల్చడం నుంచే. నీళ్ళలో ఉడికిన క్యారెట్ తన తీపిని నీటికి ఇస్తుంది కానీ, కాలిన క్యారెట్ ఇచ్చే రంగునూ కమ్మదనాన్నీ ఎన్నటికీ ఇవ్వలేదు.

పక్కింటివారు చెప్పిన పొడి అజినోమోటో అయి ఉంటుంది. 1908లో టోక్యోలో ఆచార్యుడుగా ఉన్న కికునే ఇకెడా, కొంబు అనే సముద్రపు నాచు రసం నుంచి గ్లూటమేట్‌ను వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. ఆ పొడి పుట్టింది ఆ పరిశోధన నుంచే. అదే గ్లూటమేట్ బాగా పండిన టమాటాలలోనూ, సోయా సాస్‌లోనూ ఉంటుంది. ఎండబెట్టిన షిటాకే పుట్టగొడుగులలో గ్వానిలేట్ అనే మరొక పదార్థం ఉంటుంది. ఈ రెండూ ఒకే రసంలో కలిసినప్పుడు రుచి కూడికలా కాక హెచ్చవేతలా పెరుగుతుంది. కనుక టమాటాలను కాల్చి, నాలుగైదు ఎండు పుట్టగొడుగులు వేసి, చివర సోయా సాస్ కలిపితే పొడి అవసరం రాదు.

రసం కోసం రెండు పెద్ద ఉల్లిపాయలను పొట్టుతోనే కడిగి రెండు చెక్కలుగా కోయండి. రసానికి బంగారు రంగు వచ్చేది చాలావరకు ఆ పొట్టు నుంచే కాబట్టి దాన్ని పారవేయవద్దు. రెండు క్యారెట్లు, నాలుగు పండిన టమాటాలు, రెండంగుళాల అల్లం, ఒక పూర్తి వెల్లుల్లి గడ్డ, 100 గ్రాముల మామూలు పుట్టగొడుగులు తీసుకుని, వెల్లుల్లిని తప్ప మిగిలినవాటిని పెద్ద ముక్కలుగా చేసి, అన్నిటికీ రెండు టేబుల్‌స్పూన్ల నూనె పట్టించండి. వెల్లుల్లి గడ్డ పైభాగాన్ని కాస్త కోసి, అల్యూమినియం రేకులో చుట్టి పక్కన పెడితే లోపల వెన్నలా మెత్తబడుతుంది. ఓటీజీని 210 డిగ్రీల వద్ద పది పదిహేను నిమిషాలు ముందుగా వేడిచేసి, ముక్కల కోసిన వైపు ట్రేకు తగిలేలా పరచి, సుమారు 40 నిమిషాలు ఉంచండి. మధ్యలో ఒకసారి తిప్పితే చాలు. అంచులు ముదురు ఎరుపు తిరగాలి. అక్కడక్కడ చిన్న నల్లమచ్చ వచ్చినా ఫరవాలేదు, ముక్క మొత్తం బొగ్గయితే మాత్రం తీసివేయాలి, ఎందుకంటే ఆ చేదు రసమంతా పాకుతుంది.

కాలిన ముక్కలను పెద్ద గిన్నెలోకి మార్చి, ఖాళీ అయిన వేడి ట్రేలో ఒక గ్లాసు వేడినీళ్ళు పోసి చెక్క గరిటెతో గీకండి. అడుగున ఎర్రగా అంటుకున్నదంతా కరిగి వస్తుంది. ఈ వంటకంలో అన్నిటికన్నా విలువైన గ్లాసెడు నీళ్ళు అవే, కానీ చాలామంది వాటిని ట్రే కడిగినప్పుడు తూములో పోస్తారు. ఆ నీటితో కలిపి మొత్తం రెండు లీటర్లు పోసి, రెండు గంటల ముందు నానబెట్టిన ఎండు షిటాకేలను నానిన నీటితో సహా ఆ లెక్కలోనే చేర్చి, పది మిరియాలు, గుప్పెడు కొత్తిమీర కాడలు వేసి, సన్నని సెగ మీద అంచుల వెంట మాత్రమే బుడగలు వచ్చేలా 40 నిమిషాలు ఉంచి వడకట్టండి. కాలిన వెల్లుల్లిని రెబ్బల నుంచి పిండి రసంలో కలపండి. సుమారు లీటరున్నర రసం మిగులుతుంది. మాంసపు ఎముకల రసంలా దీన్ని గంటల తరబడి మరిగిస్తే మేలు జరగదు. తాజా సువాసన పోయి, ఉడికిన కూర వాసన మిగులుతుంది.

క్యాబేజీనీ, కాలీఫ్లవర్‌నూ రసంలో వేయవద్దు. ఆ కుటుంబపు కూరలను ఎక్కువసేపు ఉడికిస్తే గంధక సమ్మేళనాల వాసన వస్తుంది. ఒకసారి మిగిలిపోయిన క్యాబేజీ తొడిమలను వృథా చేయడం ఎందుకని నేను రసంలో వేశాను. ఆ రోజు ఇంటికి వచ్చిన బంధువులు వంటగ్యాసు కారుతోందేమో చూడమన్నారు.

గిన్నెలో తినడానికి వేరే ట్రేలో కూరగాయలు కాల్చుకోవాలి. రసానికి వాడిన ముక్కలు తమ సారమంతా ఇచ్చేసి ఉంటాయి కాబట్టి అవి ఇందుకు పనికిరావు. 250 గ్రాముల తీపి గుమ్మడికాయను (మల్లేశ్వరం బజారులో సిహి కుంబళకాయి అని అడగండి) అంగుళం ముక్కలుగా, 200 గ్రాముల కాలీఫ్లవర్ లేదా బ్రకోలీని చిన్న పువ్వులుగా, ఒక ఎర్ర క్యాప్సికంను వెడల్పు పట్టీలుగా కోసి, 100 గ్రాముల బేబీ కార్న్‌ను నిలువుగా చీల్చి, ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల నూనె, అర టీస్పూను ఉప్పు కలిపి 220 డిగ్రీల వద్ద 20 నుంచి 25 నిమిషాలు కాల్చండి. ఇక్కడ క్యాలీఫ్లవర్‌కు అభ్యంతరం లేదు, కాల్చినప్పుడు అది తియ్యగా మారుతుంది. ముక్కలు ఒకదానినొకటి తాకకుండా ఒకే పొరగా ఉండాలన్నది మాత్రం మరువరాదు. ఇరుకుగా కుక్కితే వాటి నుంచి వెలువడే ఆవిరి బయటికి పోలేక, కాలవలసినవి ఉడుకుతాయి. 28 లీటర్ల ఓటీజీ ట్రేలో ఇవన్నీ ఒకేసారి పట్టవు; రెండు విడతలుగా కాల్చుకోండి.

నూడుల్స్ మనిషికి 60 నుంచి 70 గ్రాములు చాలు. వాటిని విడిగా, నీరు పుష్కలంగా పోసి ఉడికించి, నమిలితే లోపల కాస్త బిరుసు ఉండగానే జల్లెడలోకి వంచి, చన్నీళ్ళ కింద పిండి జిగురు పోయేలా కడగండి. రసాన్ని మళ్ళీ మరిగించి, మూడు టేబుల్‌స్పూన్ల సోయా సాస్ కలిపి, ఆ తరువాత రుచి చూస్తూ ముప్పావు టీస్పూను వరకు ఉప్పు వేయండి. సోయా సాస్ కన్నా ముందు ఉప్పు వేస్తే తప్పనిసరిగా ఎక్కువవుతుంది. గిన్నెలో నూడుల్స్, వాటి మీద సలసల మరిగే రసం, పైన కాల్చిన కూరగాయలు, సన్నగా తరిగిన ఉల్లికాడలు, కొన్ని చుక్కల నిమ్మరసం. ఇక వడ్డించిన వెంటనే తినమని మీ అబ్బాయికి చెప్పండి, ఫోను చూస్తూ కూర్చుంటే ముద్ద అవడం మాత్రం ఎవరూ ఆపలేరు.

ప్రశ్న: మా అత్తగారు కార్తీక మాసంలో మొదలుపెట్టి, ఆ తరువాత కూడా ఉల్లి, వెల్లుల్లి ముట్టడం మానేశారు. పుట్టగొడుగులు మా ఇంట్లోకే రావు. ఈ మూడూ లేకుండా సూప్‌కు బలం ఎక్కడి నుంచి తేవాలి?
— ఒక ఉపాధ్యాయిని, జయనగర్, బెంగళూరు

జవాబు: మన వంటింట్లోనే దీనికి సమాధానం ఉంది. ఉలవచారు కాచినవారికి ఉలవ కట్టు ఎంత చిక్కని, ఎంత గంభీరమైన రసమో చెప్పనక్కరలేదు. బెంగళూరులో మీ కన్నడ ఇరుగుపొరుగు చేసుకునే బస్సారు కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. పప్పునూ ఆకుకూరనూ ఉడికించి వంచిన నీటిని పారబోయకుండా చారు కాచడమే అది. పప్పు ధాన్యాలు ఉడికినప్పుడు నీటిలోకి దిగే మాంసకృత్తులూ పిండిపదార్థమూ రసానికి నాలుక మీద నిలిచే బరువును ఇస్తాయి. కాల్చిన కూరగాయలు సువాసన ఇవ్వగలవే గానీ ఆ బరువును ఇవ్వలేవు. నిజం చెప్పాలంటే పుట్టగొడుగుల రసం కన్నా ఈ కట్టుతో చేసిన సూపే నాకు ఎక్కువ ఇష్టం.

150 గ్రాముల ఉలవలను రాళ్ళు ఏరి, రాత్రి నానబెట్టి, మరునాడు ఒకటింపావు లీటరు నీటితో కుక్కర్లో మెత్తబడేవరకు ఉడికించి, గింజలను చిదపకుండా కట్టును వంచుకోండి. ఉడికిన ఉలవలను గుగ్గిళ్ళుగా తాలింపు వేసుకోవచ్చు. మరోవైపు ఆరు పండిన టమాటాలు, రెండు క్యారెట్లు, 200 గ్రాముల తీపి గుమ్మడికాయ, రెండంగుళాల అల్లం పైన చెప్పినట్టే ఎర్రగా కాల్చి, లీటరు నీటిలో అరగంట సన్నని సెగ మీద ఉంచి వడకట్టి, ఆ రసంలో కట్టును కలపండి. మొత్తం కట్టు ఒకేసారి పోయక, సగం పోసి రుచి చూసి మిగిలినది చేర్చడం మంచిది, లేకపోతే నూడుల్స్ సూప్ కాస్తా ఉలవచారుగా మారిపోతుంది. వేయించి దంచిన ధనియాలు ఒక టీస్పూను, మిరియాలు, ఒక చిన్న అనాస పువ్వు రసంతోపాటు మరగనివ్వండి. నూనెలో పొంగించిన చిటికెడు ఇంగువను చివర వేస్తే, వెల్లుల్లి లేని లోటు చాలావరకు తీరుతుంది.

ఇది అనపకాయల (కన్నడంలో అవరేకాయి అనే చిక్కుడు జాతి కాయల) కాలం కూడా. బెంగళూరులో అవరేకాయి కుప్పలు కనిపించే ఈ రెండు నెలల్లో, గింజలను నానబెట్టి తొక్కతీసిన పితికిపప్పును విడిగా ఉప్పునీటిలో ఉడికించి, ఒక్కొక్క గిన్నెలో గుప్పెడు వేసి చూడండి. తడిగా, పచ్చిగా ఉండే ఆ సువాసన కాల్చిన గుమ్మడి తీపికి చక్కగా అమరుతుంది.

ప్రశ్న: నేను వైట్‌ఫీల్డ్‌లో అద్దె గదిలో ఒక్కడినే ఉంటున్నాను. ఓవెన్ లేదు, ఒక ఇండక్షన్ పొయ్యి, ఒక ఇనప పెనం మాత్రమే ఉన్నాయి. కాల్చిన కూరగాయల సూప్ నాకు అందని ద్రాక్షేనా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: కాదు. ఇనప పెనం మంచి సాధనం, కొన్ని కూరగాయల విషయంలో ఓవెన్ కన్నా మెరుగైనది కూడా. పెనాన్ని నాలుగైదు నిమిషాలు ఖాళీగా వేడిచేసి, టీస్పూను నూనె రాసి, ముక్కలను పలచగా పరచి, మూడు నిమిషాలపాటు కదపకుండా వదిలేయండి. కొత్తగా వండేవారందరూ చేసే తప్పు గరిటెతో అదేపనిగా తిప్పడం. పెనానికి ఆనుకుని కొంతసేపు ఉంటేనే ముక్క ఎర్రబడుతుంది. గుమ్మడి, క్యారెట్ వంటి గట్టి కూరలను సన్నని బిళ్ళలుగా కోయండి, లేకపోతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. ఉప్పును చివర చల్లండి, ముందే వేస్తే నీరు ఊరి ముక్కలు ఉడకడం మొదలవుతుంది.

రసం కోసం ఉల్లిపాయను అడ్డంగా కోసి, నూనె లేకుండా ఆ కోసిన ముఖాన్ని పెనం మీద బోర్లించి నల్లబడేవరకు ఉంచండి. అల్లాన్నీ అలాగే చేయండి. వియత్నాంవారు తమ ఫో అనే నూడుల్స్ సూప్ కోసం ఉల్లిపాయనూ అల్లాన్నీ ఇలా మాడ్చాకే రసంలో వేస్తారు. దానితోపాటు వారు వేసే అనాస పువ్వు, దాల్చిన చెక్క, లవంగం, ధనియాలు మన మసాలా డబ్బాలో ఎలాగూ ఉన్నవే. గ్యాసు పొయ్యి ఉన్నవారు వంకాయను కాల్చినట్టు నేరుగా మంట మీదనే కాల్చవచ్చు. పెనం ఖాళీ అయ్యాక అరగ్లాసు నీళ్ళు పోసి అడుగు గీకి రసంలో కలపడం మాత్రం మీరు కూడా మరువకండి. ఎయిర్ ఫ్రయ్యర్ కొనే ఆలోచన ఉంటే, అందులో 200 డిగ్రీల వద్ద 15 నిమిషాలలో ఒకరికి సరిపడే కూరగాయలు చక్కగా కాలుతాయి. నలుగురు ఉన్న ఇంటికి మాత్రం దాన్ని నేను సిఫారసు చేయను.

ప్రశ్న: ప్యాకెట్ నూడుల్స్ పసుపుపచ్చగా ఉంటే గుడ్డు కలిసినట్టేనా? పూర్తి శాకాహారులు ఏయే వస్తువుల విషయంలో జాగ్రత్తపడాలి? మా అమ్మాయికి గోధుమ పడదు, దానికీ ఒక దారి చెప్పగలరు.
— ఒక పాఠకుడు, బసవనగుడి, బెంగళూరు

జవాబు: పసుపు రంగు ఒక్కటే గుడ్డుకు గుర్తు కాదు. రామెన్ వంటి గోధుమ నూడుల్స్ పిండిలో కాన్సుయి అనే క్షార లవణాలను కలుపుతారు. సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్ అందులో ముఖ్యమైనవి. క్షారం తగిలినప్పుడు గోధుమపిండిలో సహజంగా ఉండే రంగు పదార్థాలు పసుపు తిరుగుతాయి, పిండికి సాగుడు గుణమూ పెరుగుతుంది. రంగును చూసి నిర్ణయించక, ప్యాకెట్ మీద చదరంలో ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూడండి. మన దేశపు నిబంధనల ప్రకారం గుడ్డు కలిసిన పదార్థానికి ఆకుపచ్చ గుర్తు వేయరాదు.

నూడుల్స్ కన్నా సాస్‌ల దగ్గరే ఎక్కువ మోసపోతాము. ఆయిస్టర్ సాస్‌లో ఆల్చిప్పల సారం ఉంటుంది, థాయ్ కూర ముద్దల్లో తరచుగా రొయ్యల ముద్ద ఉంటుంది, జపాన్ పద్ధతి సూప్ పొడుల్లో కూరగాయల బొమ్మ ఉన్నప్పటికీ బోనిటో చేపపొడి ఉండవచ్చు. హోటల్లో తినేటప్పుడు ముక్కలు మాత్రమే శాకాహారమా, రసం కూడానా అని విడిగా అడగడం తప్పు కాదు.

మీ అమ్మాయికి బియ్యం నూడుల్స్ అన్నిటికన్నా తేలిక. సన్నని రకాన్ని వేడినీటిలో నాలుగైదు నిమిషాలు నానబెడితే చాలు, పొయ్యి మీద పెట్టనక్కరలేదు. అంతకన్నా మంచిది బసవనగుడిలో సులభంగా దొరికే ఒత్తు శావిగె. ఉడికించిన బియ్యప్పిండిని అచ్చులో ఒత్తిన ఆ తాజా తీగలను గిన్నెలో పేర్చి వేడి రసం పోస్తే, దూరదేశపు నూడుల్స్ కోసం వెతకనక్కరలేదు. అయితే చాలా సోయా సాస్‌ల తయారీలో గోధుమ వాడతారు, బజారులో దొరికే ఇంగువ పొడిలోనూ తరచుగా గోధుమపిండి కలుపుతారు. ఈ రెండింటి లేబుళ్ళను తప్పక చదవండి.

ప్రశ్న: ప్యాకెట్ మీద నాలుగు నిమిషాలని రాసిన నూడుల్స్ చెన్నైలో మా అక్క ఇంట్లో నాలుగు నిమిషాలకే ఉడుకుతాయి, బెంగళూరులో మా ఇంట్లో మరికాస్త సమయం పడుతుంది. నా పొయ్యిలో లోపమా?
— ఒక గృహిణి, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: పొయ్యిలో లోపం లేదు. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పీడనం తక్కువ కావడంతో ఇక్కడ నీరు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతుంది. చెన్నై సముద్రం ఒడ్డునే ఉంది కాబట్టి అక్కడ నీటికి పూర్తి 100 డిగ్రీల వేడి అందుతుంది. ప్యాకెట్ చెప్పిన సమయానికి అర నిమిషమో నిమిషమో కలుపుకుని, ఒక పోగు కొరికి చూసి దించండి.

ప్రశ్న: బైలకుప్పె వెళ్ళినప్పుడు అక్కడి టిబెట్ హోటల్లో కూరగాయల థుక్పా అనే నూడుల్స్ సూప్ తిన్నాము. మీరు చెప్పే సూప్, అదీ ఒకటేనా?
— విశ్రాంత ఉద్యోగి, రాజాజీనగర్, బెంగళూరు

జవాబు: దగ్గరి బంధువులు, కానీ ఒకటి కావు. టిబెట్ శరణార్థులు 1960 దశకం మొదట్లో మైసూరు జిల్లాలోని బైలకుప్పెలో స్థిరపడినప్పుడు వారితో వచ్చిన వంట అది. థుక్పా ఎక్కువగా మాంసపు రసంతో చేసేది. కూరగాయల థుక్పాలో కూరలను అల్లం వెల్లుల్లితో నూనెలో వేయించి నీరు పోస్తారే గానీ, విడిగా కాల్చరు. మీరు కాల్చిన కూరగాయల రసంతో చేసుకుంటే రుచి పెరుగుతుందే తప్ప తగ్గదు.

వారిదే థెంథుక్ అనే మరొక రకం ఉంది, ఇంట్లో చేసుకోవడానికి అది ఇంకా తేలిక. 200 గ్రాముల మైదాను సుమారు 100 మిల్లీలీటర్ల నీటితో గట్టిగా కలిపి అరగంట నాననిచ్చి, పట్టీలుగా సాగదీసి, బొటనవేలి గోరంత ముక్కలుగా తుంచుతూ నేరుగా మరిగే రసంలో వేస్తారు. నూడుల్స్‌ను విడిగా ఉడికించమని మల్లేశ్వరం పాఠకురాలికి చెప్పిన మాటకు ఇది మినహాయింపు, ఎందుకంటే ఇక్కడ పిండి జిగురు రసంలోకి దిగి దానిని చిక్కబరచడమే మనకు కావలసినది.

ప్రశ్న: ఇంత శ్రమపడి చేసినది ఒక పూటకే అయిపోతే ఎలా? ఆదివారం చేసి వారమంతా వాడుకోవచ్చా?
— ఒక ఉద్యోగిని, హెబ్బాళ, బెంగళూరు

జవాబు: రసాన్ని తప్పకుండా నిలవచేసుకోవచ్చు. వడకట్టిన తరువాత గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో ఉంచి త్వరగా చల్లార్చి, ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఉంటుంది. అంతకు మించి కావాలంటే పూటకు సరిపడే డబ్బాల్లో పోసి, గడ్డకట్టినప్పుడు ఉబ్బడానికి పైన రెండంగుళాల ఖాళీ వదిలి, ఫ్రీజర్లో ఉంచండి. నెలన్నర వరకు రుచి చెడదు. ఉప్పు, సోయా సాస్ మాత్రం వేడిచేసి తినే రోజున కలుపుకోవాలి. కాల్చిన కూరగాయలు ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటాయి. తినేముందు వాటిని రసంలో ఉడికించక, వేడి పెనం మీద రెండు నిమిషాలు తిప్పితే కాలిన అంచులకు మళ్ళీ ప్రాణం వస్తుంది. నూడుల్స్‌ను నిలవచేయవద్దు, ఏ పూటకు ఆ పూటే ఉడికించుకోండి. ఒకవేళ మిగిలితే వాటిని రసంలో వదలక, కొద్దిగా నూనె రాసి విడి డబ్బాలో పెట్టి, మరునాటి ఉదయం క్యాప్సికంతో తాలింపు వేసి ఉపాహారంగా ముగించండి.